ఆక్టేవియా 1.8 టీఎస్ఐ: రీమ్యాప్ తర్వాత గేర్‌బాక్స్ జారుతోంది. క్లచ్ మార్చాలా, బాక్సే మార్చాలా?

ఓఆర్ఆర్_180 (హైదరాబాద్)

అందరికీ నమస్తే. చాలాకాలంగా చదువుతూనే ఉన్నా కానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పెద్దదైతే ఏమీ అనుకోకండి. బండి 2016 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 82 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఏడాది ఉగాదికి ముందు స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించా. కంపెనీ ఇచ్చింది 180 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. ట్యూనర్ చేతికిచ్చిన షీట్‌లో 226 పీఎస్, 338 న్యూటన్ మీటర్లు అని ఉంది. ఏడాది పాటు బండి దిగబుద్ధి కాలేదు, నిజంగా.

రెండు నెలల నుంచి మొదలైంది టెన్షన్. ఓఆర్ఆర్ మీద లారీని దాటుదామని గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 3 వేల నుంచి ఒక్కసారిగా 3,600కి ఎగిరింది, స్పీడ్ మాత్రం అక్కడే. రెండు సెకన్ల తర్వాత పట్టుకుంది. నార్సింగి దగ్గర దిగేసరికి ఏసీ లోంచి కాలిన వాసన. ఇప్పుడు సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఒకటి నుంచి రెండులో పడేటప్పుడు బండి వణుకుతోంది. మీటర్‌లో వార్నింగ్ లైట్ ఏమీ లేదు.

ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ట్యూనర్‌ని అడిగితే టీసీయూ (గేర్‌బాక్స్ కంప్యూటర్) కూడా ఫ్లాష్ చేస్తే ప్రెషర్ పెరిగి జారడం ఆగిపోతుంది అంటున్నాడు. ఫ్రెండ్ ఒకడు తడి క్లచ్ (నూనెలో తిరిగేది) ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీ తెచ్చి వేసుకో, ఇక జన్మలో గొడవ ఉండదు అంటాడు. పవర్ వదులుకోవడం ఇష్టం లేదు. ఇంట్లో బండి ఇదొక్కటే, అమ్మానాన్నలను వరంగల్ తీసుకెళ్లాలన్నా ఇదే. ఏం చేయమంటారు?

వైజాగ్_టర్బో

బ్రో, నీ బండిలో ఉన్నది డీక్యూ200. పొడి క్లచ్‌లు రెండు, తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. ఇదే 1.8 ఇంజన్‌ని యూరప్‌లో 4x4 ఆక్టేవియాలో తడి క్లచ్ బాక్స్‌తో ఇచ్చినప్పుడు 280 పెట్టారు, మన దగ్గర 250 దగ్గర ఆపారు. ఇంజన్‌కి చేతకాక కాదు, బాక్స్ కోసం. నువ్వు దాని మీద 338 వేశావు. జారకపోతే ఆశ్చర్యపోవాలి.

నాదీ ఇదే ఇంజన్, కారు స్కోడా సూపర్బ్. నేను గట్టి లైనింగ్ ఉన్న క్లచ్ కిట్ వేయించా, 26 వేలు తిరిగా, ఇంతవరకు జారలేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రివర్స్‌లో కొంచెం అదురుతుంది, అంతే. నా ఓటు దానికే.

స్పానర్_బాబాయ్ (విజయవాడ)

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నా, కాబట్టి ఏ పార్టూ కొనకముందే ఒక మాట చెప్పనివ్వు బాబూ.

ముందు ఏ క్లచ్ జారుతోందో తెలుసుకో. ఈ బాక్స్‌లో కె1 అనే క్లచ్ 1, 3, 5, 7 గేర్లకు, కె2 అనేది 2, 4, 6, రివర్స్‌కి. రెండూ ఒకే గూట్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కానీ అరుగుదల ఒకేలా ఉండదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి మూడులో ఒకసారి, నాలుగులో ఒకసారి ఒకే ఆర్‌పీఎం నుంచి తొక్కాలి. డయాగ్నస్టిక్ కేబుల్ పెట్టి ఇంజన్ స్పీడ్, ఇన్‌పుట్ షాఫ్ట్ 1 స్పీడ్, ఇన్‌పుట్ షాఫ్ట్ 2 స్పీడ్ మూడూ లాగ్ చేయి. క్లచ్ పట్టుకుని ఉంటే ఇంజన్ స్పీడు, ఆ షాఫ్ట్ స్పీడు ఒకటే అంకె చూపించాలి. తేడా వచ్చిందంటే జారుతోందన్నమాట. రెండోది, క్లచ్ టెంపరేచర్ కూడా అదే లాగ్‌లో పెట్టు.

ఇక మీ ట్యూనర్ మాట. టీసీయూ ఫ్లాష్ పనికిరాదని అనను, కానీ అది అరిగిపోయిన క్లచ్‌కి మందు కాదు. ఈ బాక్స్‌లో క్లచ్ మామూలుగా తెరిచే ఉంటుంది, మెకట్రానిక్ (బాక్స్‌ని నడిపే హైడ్రాలిక్ కంట్రోల్ యూనిట్) లోపలి ప్లంజర్ ఒక లివర్‌ని తోస్తేనే మూసుకుంటుంది. ఆ హైడ్రాలిక్ ప్రెషర్ పంపు నుంచి అక్యుములేటర్‌లోకి (ప్రెషర్ నిల్వ ఉండే డబ్బా) దాదాపు 60 బార్ దాకా ఎక్కుతుంది. దాన్ని ఇంకా తోయమని చెబితే కొంత తోస్తుంది, ఆ భారమంతా బేరింగ్ మీద, లివర్ మీద పడుతుంది. లైనింగ్ గాజులా మెరిసిపోయి ఉంటే ఎంత తోసినా జారుతూనే ఉంటుంది.

కడప_పోలో

ఒక విషయం అన్నా, ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. బాక్స్ మార్పిడి అంటే వాహనంలో అసలు స్పెసిఫికేషన్‌ని మార్చినట్టు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఉన్నాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినప్పుడు రీమ్యాప్ గురించే అడుగుతున్నారు, ఇక గేర్‌బాక్స్ వేరేది అయితే సర్వేయర్ ఏమంటాడో చూసుకోవాలి. ఫ్యామిలీ బండి అన్నావు కాబట్టి గుర్తుచేశా.

డల్లాస్_కమారో (టెక్సస్)

తమ్ముడూ, నాది వేరే లోకం కానీ కథ ఒకటే, అందుకే రాస్తున్నా. 2001 కమారో జెడ్28, ఎల్ఎస్1 ఇంజన్, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్. కెమ్‌షాఫ్ట్, హెడర్లు మార్చి ట్యూన్ చేయించా, చక్రాల దగ్గర 400 హార్స్‌పవర్ దాకా వచ్చింది. ఈ బాక్స్ 1982లో వచ్చిన 700ఆర్4కి వారసుడు. మొదటి గేర్ 3.06, రెండోది 1.63, మధ్యలో పెద్ద గుంత. దీనికి రెండు జబ్బులు ప్రసిద్ధం. 3-4 క్లచ్ ప్యాక్ కాలిపోవడం ఒకటి, సన్ షెల్ అనే గిన్నెలాంటి భాగం విరగడం రెండోది. సన్ షెల్ పోతే రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి. ఆ రోజు నేను పార్కింగ్‌లోంచి వెనక్కి రాలేక ఇద్దరితో తోయించుకున్నా.

మొదటిసారి రీబిల్డ్ చేయించినప్పుడు అన్నీ వేయించా: గట్టి సన్ షెల్, ఎక్కువ ప్లేట్లున్న 3-4 ప్యాక్, పెద్ద కార్వెట్ సర్వో, ప్రెషర్ పెంచే బూస్ట్ వాల్వ్, 3,200 ఆర్‌పీఎం స్టాల్ ఉన్న టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును నూనె ద్వారా బాక్స్‌కి అందించేది). ఎనిమిది నెలలకి 3-4 ప్యాక్ మళ్లీ కాలిపోయింది. ఎందుకు? వేడి. స్టాల్ ఎక్కువున్న కన్వర్టర్ లాక్ కాకుండా తిరుగుతున్నంతసేపూ నూనెను కాస్తూనే ఉంటుంది. నేను రేడియేటర్‌లో ఉన్న చిన్న కూలర్‌తోనే నెట్టుకొచ్చా. ఇక్కడ ఆగస్టు ఎండలో ట్రాఫిక్‌లో గేజ్ పెట్టి చూస్తే నూనె 115 డిగ్రీలు దాటింది. 90 దగ్గర ఉండాల్సింది.

ఆ తర్వాత 4ఎల్80ఈ వేయించా. అది టర్బో 400 వంశం, ట్రక్కుల బాక్స్. నలభై కిలోల దాకా ఎక్కువ బరువు. బయట నుంచి చూస్తే "విప్పి ఇది బిగించడమే" అనిపిస్తుంది. కానీ పని ఎక్కడ తేలిందో వినండి. బాక్స్ పొడవు ఎక్కువ కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ కోసి చిన్నది చేయాలి. క్రాస్‌మెంబర్ వేరేది. ఈ కమారోల్లో వెనక యాక్సిల్ టార్క్ ఆర్మ్ వచ్చి గేర్‌బాక్స్ తోకకే బిగుస్తుంది, కొత్త బాక్స్‌కి ఆ చోటు లేదు, కాబట్టి దానికి వేరే మౌంట్. టన్నెల్ రేకును రెండు చోట్ల సుత్తితో లోపలికి కొట్టాం. వైరింగ్‌లో ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ ఒకటి అదనం, కంప్యూటర్‌లో ట్రాన్స్‌మిషన్ ప్రోగ్రామ్ మొత్తం మార్చాలి. మొదటి గేర్ 2.48 కాబట్టి లాగుడు తగ్గింది, దానికోసం వెనక గేర్లు 3.73కి మార్చా. మూడు వారాలు అనుకున్నది నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. కానీ అది ఆదివారం బండి. ఆఫీస్‌కి వెళ్లేది వేరే కారు. బాక్స్ మార్చు అని చెప్పే మీ ఫ్రెండ్‌ని ఒక్కటే అడుగు, ఆ నాలుగు నెలలు నువ్వు దేంట్లో తిరగాలి అని.

వైజాగ్_టర్బో

డల్లాస్ అన్న చెప్పింది మన దగ్గరా అంతే. డీక్యూ250 (ఆ ఆరు గేర్ల తడి క్లచ్ బాక్స్) ఎంక్యూబీ బండ్లలో ఉంది కదా, ఆక్టేవియాదీ అదే ప్లాట్‌ఫామ్, పడుతుంది అనుకుంటారు. బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కి బిగిసే క్లచ్ గూడు) వైపు ఫ్లైవీల్ వేరు, డ్రైవ్‌షాఫ్ట్‌లు, మౌంట్, కూలెంట్ పైపులతో సహా ఆయిల్ కూలర్, వైరింగ్, ఆ తర్వాత టీసీయూని బండికి కోడింగ్ చేసి ఇమ్మొబిలైజర్‌తో జత చేయడం. డీక్యూ200 బరువు 70 కిలోలైతే డీక్యూ250 93 కిలోలు. ఆ డబ్బుకి 2017 ఆక్టేవియా వీఆర్‌ఎస్ సెకండ్‌హ్యాండ్ వెతుక్కోవడం మేలు, 230 పీఎస్, 350 న్యూటన్ మీటర్లు, తడి క్లచ్ బాక్స్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. కానీ దొరకాలి, తక్కువ వచ్చాయి ఇక్కడికి.

ఓఆర్ఆర్_180

అందరికీ థ్యాంక్స్. బాబాయ్ గారు చెప్పినట్టు కేబుల్ తెప్పించా. ఈ ఆదివారం తెల్లవారుజామున ఓఆర్ఆర్ ఎక్కి నాలుగో గేర్‌లో రెండు మూడు పుల్స్ (ఫుల్ థ్రాటిల్‌లో లాగడం) చేసి పెడతా.

మోడరేటర్_ఒకటి

అన్నా, దయచేసి ఆ పని వద్దు. జారుతున్న క్లచ్‌తో, ల్యాప్‌టాప్ చూసుకుంటూ, జనం తిరిగే రోడ్డు మీద. నాలుగో గేర్‌లో 5 వేల దాకా లాగితే ఓఆర్ఆర్ మీద పెట్టిన 120 హద్దు ఎప్పుడు దాటావో కూడా తెలియదు. డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే మెషిన్) బుక్ చేసుకో. ఇలాంటి పుల్స్ వీడియోలు ఇక్కడ పెడితే తీసేస్తామని ముందే చెబుతున్నా. మన దగ్గర ఇద్దరు మెంబర్లను రోడ్ల మీదే పోగొట్టుకున్నాం.

ఓఆర్ఆర్_180

సారీ సార్, మీరు అన్నది కరెక్ట్. డైనో బుక్ చేశా.

ఓఆర్ఆర్_180

పది రోజుల తర్వాత లాగ్స్ వచ్చాయి. టైప్ చేసి పెడుతున్నా.

మూడో గేర్, ఫుల్ థ్రాటిల్: ఇంజన్ 4,050, షాఫ్ట్ 1 కూడా 4,050. పై దాకా ఎక్కడా తేడా లేదు.

నాలుగో గేర్: 2,400 దాకా రెండూ కలిసే ఉన్నాయి. 2,700 దగ్గర మొదలైంది. ఇంజన్ 3,110 అంటుంటే షాఫ్ట్ 2 మాత్రం 2,790. ఇంజన్ 3,480కి వెళ్లేసరికి షాఫ్ట్ 3,020. 4 వేలు దాటాక మళ్లీ దగ్గరయ్యాయి. రెండో పుల్‌కి 2,500 లోపే జారింది, వెంటనే ఆపేశాం. డైనో షెడ్ అంతా అదే కాలిన వాసన. అంటే కె2 పోయినట్టే కదా?

స్పానర్_బాబాయ్

కె2 యే. చక్కగా పెట్టావు బాబూ, ఇలా అంకెలతో వచ్చేవాళ్లు వందలో ఒకరుండరు.

ఇప్పుడు ఇంకొకటి గమనించు. 2,700 దగ్గర మొదలై 4 వేల తర్వాత తగ్గింది. ఎందుకంటే చిన్న టర్బో, దాని టార్క్ అంతా కిందే వస్తుంది. 338 అని షీట్‌లో ఉన్నది 5 వేల దగ్గర కాదు, 2,500 నుంచి 3,500 మధ్య. క్లచ్‌ని చంపింది హార్స్‌పవర్ కాదు, ఆ మధ్యలో ఉన్న గుట్ట. ఆ గుట్టను కోసి పై భాగం అలాగే ఉంచితే 215, 220 పీఎస్ నీకు దక్కుతుంది, క్లచ్ బతుకుతుంది. మ్యాప్ రాసేవాడికి ఓపిక ఉంటే గేర్‌ని బట్టి టార్క్ హద్దు వేరుగా పెట్టొచ్చు. నాలుగు, ఐదు, ఆరు గేర్లలో బండి భారం మీద ఉండి క్లచ్ ఎక్కువసేపు ఆ టార్క్‌ని మోయాలి, అక్కడ తగ్గించు.

ట్రాఫిక్ అలవాటు ఒకటి ఉంది, అది మీ ట్యూనర్ కూడా చెప్పి ఉండడు. ముందు బండి మూడడుగులు కదిలితే మనం బ్రేక్ కొంచెం వదిలి పాకిస్తాం, మళ్లీ కొంచెం తొక్కుతాం. ఆ పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టుకుని రుద్దుకుంటోంది. తడి బాక్స్‌లో అయితే ఆరేడు లీటర్ల నూనె ఆ వేడిని మోసుకుపోతుంది. దీంట్లో గేర్లకు ఉన్న నూనే 1.7 లీటర్లు, క్లచ్‌కి గాలి తప్ప దిక్కులేదు. ఆగితే బ్రేక్ గట్టిగా తొక్కి ఆగు, క్లచ్ పూర్తిగా తెరుచుకుంటుంది. ముందు ఒక కారు పట్టేంత చోటు వచ్చాకే కదులు. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీ.

కడప_పోలో

వేడి, ట్రాఫిక్ అంటే గుర్తొచ్చింది. 2013 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఈ ఏడు గేర్ల బాక్స్ ఉన్న 16 లక్షల కార్లకు ప్రపంచమంతా సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఎక్కువుండి ఆగుతూ కదులుతూ ఉండే ట్రాఫిక్‌లో లోపల ఎలక్ట్రికల్ ఫాల్ట్ రావచ్చని. మన ఊళ్ల వాతావరణాన్నే వర్ణించినట్టుంది. నీది 2016 కాబట్టి దాని గొడవ లేదు, కానీ సెకండ్‌హ్యాండ్‌లో పాతవి కొనేవాళ్లు సర్వీస్ హిస్టరీలో ఇది చూసుకోండి.

వైజాగ్_టర్బో

బాబాయ్ మీద గౌరవంతోనే ఒక్క విషయం కాదంటున్నా. టార్క్ కోసేయడం సరే, కానీ క్లచ్ ఎలాగూ కొత్తది వేస్తున్నప్పుడు మళ్లీ కంపెనీదే ఎందుకు? గట్టిది వేసి 320 దగ్గర ఉంచుకుంటే రెండు విధాలా మార్జిన్ ఉంటుంది కదా.

స్పానర్_బాబాయ్

నీ బండికి సరే నాన్నా, వైజాగ్ బీచ్ రోడ్డు వేరు, గచ్చిబౌలి సాయంత్రం ఆరు గంటలు వేరు. గట్టి లైనింగ్ పట్టుకోవడం మొదలుపెడితే ఒక్కసారే పట్టుకుంటుంది. పాకే ట్రాఫిక్‌లో అదురు వస్తుంది, ఆ అదురు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌కి (అదురు మింగే రెండు ముక్కల చక్రం) పోతుంది. నా దగ్గరకు అలా వచ్చిన బండి ఒకటుంది, క్లచ్ బంగారంలా ఉంది, ఫ్లైవీల్ చేత్తో ఊపితే గలగల. వాళ్ల అమ్మగారు వెనక సీట్లో కూర్చోనన్నారట ఆ అదురుకి. రోజూ నగరంలో తిరిగేవాడికి కంపెనీ క్లచ్, 300 లోపు టార్క్. ట్రాక్‌కి వెళ్లేవాడికి నీ లెక్క.

డల్లాస్_కమారో

ఇద్దరిలో ఎవరి మాట తీసుకున్నా ఒకటి మాత్రం చేయి తమ్ముడూ. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), టీసీయూ రెండూ ఒకే మనిషితో రాయించు. నా మొదటి బాక్స్ విషయంలో ఇంజన్ ట్యూన్ ఒకరు, షిఫ్ట్ ట్యూన్ ఇంకొకరు చేశారు. ఇంజన్ నిజంగా ఇచ్చే టార్క్ ఒకటి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి చెప్పిన టార్క్ ఇంకొకటి. తక్కువ వస్తోందనుకుని అది ప్రెషర్ తక్కువ పెట్టింది, షిఫ్ట్ మెత్తగా జరిగి లోపల రుద్దుకుంది. మెత్తటి షిఫ్ట్ చూసి నేను మురిసిపోయా కూడా.

ఓఆర్ఆర్_180

అన్నా, నాదీ అదే! పాత షీట్ తీసి చూశా, టీసీయూని ముట్టుకోలేదు. లాగ్‌లో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి చెబుతున్న టార్క్ అంకె ఎప్పుడు చూసినా 250 దాటలేదు. 338 ఇస్తూ 250 అని చెబుతున్నారన్నమాట దానికి.

స్పానర్_బాబాయ్

అదీ సంగతి. ఇక ఆలస్యం చేయకు, బాక్స్ దించించు.

ఓఆర్ఆర్_180

నాలుగు నెలల తర్వాత అప్‌డేట్. లేట్ అయినందుకు క్షమించండి, మధ్యలో చెల్లి పెళ్లి వచ్చింది.

బాక్స్ దింపినప్పుడు పక్కనే ఉన్నా. బెల్‌హౌసింగ్ తెరవగానే మసి లాంటి సన్నటి నల్ల పొడి కింద ఒక గుప్పెడు. క్లచ్ బయటకు తీసి చూపించారు. కె1 ప్లేట్ గరుకుగా మామూలుగానే ఉంది. కె2 ప్లేట్ మీద వేలు పెడితే పలక మీద పెట్టినట్టు జారింది, ప్రెషర్ ప్లేట్ మీద నెమలి ఈకలోలా నీలం, ఊదా చారలు. ఇంజన్ వైపు ఆయిల్ సీల్ దగ్గర కూడా చూశాం, తడి లేదు, అంటే నూనె పడి జారడం కాదు, కేవలం వేడి. ఫ్లైవీల్ ఆడించి చూశారు, బాగానే ఉంది.

చివరికి బాబాయ్ గారి మాటే తీసుకున్నా. కంపెనీ క్లచ్ సెట్, కొత్త ఎంగేజ్‌మెంట్ బేరింగులు. బేరింగ్ ఎత్తు గేజ్‌తో మూడుసార్లు కొలిచారు, ఆ పనికే రెండు గంటలు. తర్వాత కంప్యూటర్‌తో బేసిక్ సెట్టింగ్, దాని మీద అడాప్టేషన్ డ్రైవ్ (కొత్త క్లచ్‌కి బాక్స్ కంప్యూటర్ అలవాటుపడేలా నడపడం). మొదటి వెయ్యి కిలోమీటర్లు స్టాక్ మ్యాప్‌తో తిరిగా. ఆ తర్వాత ఈసీయూ, టీసీయూ రెండూ ఒకే చోట రాయించా. ఒకటి, రెండు, మూడు గేర్లలో 295, నాలుగు నుంచి 280, అది కూడా 2,800 దాటాకే పూర్తిగా వస్తుంది. పైన 214 పీఎస్.

కింద ఆ తోపు తగ్గింది, అబద్ధం చెప్పను. 2 వేల దగ్గర తొక్కితే వీపు సీటుకి అతుక్కునేది, ఇప్పుడు లేదు. 4 వేల తర్వాత మాత్రం పాత లాగుడే.

మళ్లీ డైనో మీద పెట్టాం. నాలుగో గేర్, 3,100: ఇంజన్ 3,100, షాఫ్ట్ 2 కూడా 3,100. వరుసగా నాలుగు పుల్స్, చివరిదాకా కలిసే ఉన్నాయి.

కడప_పోలో

సూపర్ అన్నా. ట్రాఫిక్‌లో వణుకు పూర్తిగా పోయిందా?

ఓఆర్ఆర్_180

పోయింది. పోయిన శుక్రవారం వానలో బయోడైవర్సిటీ నుంచి మెహదీపట్నం గంటా ఇరవై నిమిషాలు పట్టింది, కేబుల్ పెట్టుకునే వెళ్లా. కె2 టెంపరేచర్ ఫ్లైఓవర్ ఎక్కేచోట పెరిగింది, బాబాయ్ చెప్పినట్టు చోటు వదిలి కదలడం మొదలుపెట్టాక పది నిమిషాల్లో దిగింది. వెనక ఆటోవాడు హారన్ ఆపలేదు. నాన్న పక్క సీట్లో నిద్రపోయారు.

వైజాగ్_టర్బో

ఆ టెంపరేచర్ లాగ్ ఫైల్ ఉంటే నాకు పంపు బ్రో. నా కిట్‌తో ఇక్కడ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఓఆర్ఆర్_180

రాత్రికి పంపిస్తా బ్రో.